మనకు కరువు ఒక్కటే, ఇంగ్లీషులో రెండు మాటలు: డ్రౌట్, ఫ్యామిన్

కణేకల్ చుట్టుపక్కల సంఘాల్లో జూలై నెలాఖరు వచ్చిందంటే ఉపవాస ప్రార్థనల్లో మొదటి విన్నపం వానదే. కరువు తీర్చమని పెద్దలు మోకరించి అడుగుతారు. తెలుగులో ఆ ప్రార్థనకు అనుమానమేమీ లేదు. పక్కన కూర్చున్నవారికి అర్థమవుతుంది, దేవునికి అంతకు ముందే తెలుసు. చిక్కు వచ్చేది అదే సంగతిని ఇంగ్లీషులో రాయవలసి వచ్చినప్పుడే. డయాసిస్ ఆఫీసుకో, సహాయ సంస్థకో, అమెరికాలో ఉన్న బంధువుల సంఘానికో ఉత్తరం రాస్తూ నిఘంటువు తెరిస్తే 'కరువు' దగ్గర రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి డ్రౌట్, రెండోది ఫ్యామిన్. గట్టిగా వినిపిస్తుందని కొందరు ఫ్యామిన్ రాసేస్తారు. ఏదైనా ఒకటేలే అని ఇంకొందరు రెండూ కలిపి రాస్తారు. ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పే తమ్ముళ్లకు ఇదే ఇబ్బంది తిరగబడి వస్తుంది. బోధకుడు ఏ మాట అన్నా వారి నోట 'కరువు' అనే వస్తుంది.

ఈ రెండు మాటలూ ఒకటి కావు. వాటి మధ్య ఉన్న తేడా వ్యాకరణం తేడా కూడా కాదు. జరిగిన దానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న ఆ తేడాలోనే ఉంది. అందుకే ఈ వారం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాము.

ముందు పుట్టుక చూద్దాం. డ్రౌట్ అన్నది పాత ఇంగ్లీషు మాట. 'పొడి' అనే అర్థమున్న డ్రై అన్న మాటకు చుట్టం. దాని స్పెల్లింగులో జి, హెచ్ అక్షరాలు ఉన్నా నోట పలకవు. ఫ్యామిన్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. లాటిన్‌లో ఫామెస్ అంటే ఆకలి. అంటే మొదటి మాట నేలను చూసి పుట్టింది, రెండోది కడుపును చూసి పుట్టింది. డ్రౌట్ పొలానికి వస్తుంది, చెరువుకు వస్తుంది, బోరుబావికి వస్తుంది. ఫ్యామిన్ మనుషులకే వస్తుంది.

తెలుగులో ఈ తేడా లేదని కాదు. వాడుకలో అరిగిపోయిందంతే. అనావృష్టి అంటే వాన లేకపోవడం, సరిగ్గా డ్రౌట్. క్షామం అన్న సంస్కృత పదానికి చిక్కిపోవడం, కృశించడం అనే అర్థం ఉంది. అది ఒంటిని చూసి పెట్టిన పేరు. అన్నిటికన్నా మాకు నచ్చింది దుర్భిక్షం. దాన్ని విడదీస్తే భిక్ష దొరకడం కష్టమైన కాలం అని వస్తుంది. వాన మాట అందులో ఎక్కడా లేదు. అడిగితే పెట్టే చెయ్యి లేకపోవడమే ఆ మాటకు మూలం. ఇక కరువు అన్నది అన్నింటినీ మింగేసిన మాట. వాన కరువు, తిండి కరువు సరే, నిద్ర కరువైంది అంటాం, మనిషి కరువయ్యాడు అంటాం. కణేకల్ నుంచి కాస్త పడమటికి పోతే కన్నడం మొదలవుతుంది. అక్కడి 'బర' అన్న మాటా ఇలాగే రెండు పనులూ చేస్తుంది.

ఇక్కడే మూడో ఇంగ్లీషు మాట ఒకటి పక్కకు పెట్టాలి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడతాయి. ఇది ప్రతి ఏడూ ఉండే సంగతి. ఇంగ్లీషులో దీన్ని డ్రౌట్ అనరు, ఎరిడిటీ అంటారు. అంటే నేల స్వభావం చేతనే ఉండే పొడితనం. ఆ 550 కూడా రాకపోతే, వచ్చినా రావలసిన వారంలో రాకపోతే అప్పుడది డ్రౌట్. "అనంతపురంలో ఎప్పుడూ డ్రౌటే" అని మనం అలవాటుగా అంటాం గాని, ఎప్పుడూ ఉండేదాన్ని ఆ మాటతో చెప్పరు. వేదవతి, అంటే మన హగరి, ఒడ్డున బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలు పొలాల మీదికి నడిచి వస్తున్నాయి. అదీ ఒక్క ఏడాది వాన తప్పినందువల్ల వచ్చింది కాదు. నది ఎండి, గాలికి ఇసుక లేచి, ఏళ్లుగా పేరుకున్న కష్టం అది.

డ్రౌట్‌లోనూ రకాలున్నాయి. వాతావరణ శాఖ లెక్కలో ఒక ప్రాంతానికి మామూలుగా పడే వానలో నాలుగో వంతుకు మించి లోటు వస్తే డ్రౌట్, సగానికి మించి లోటు వస్తే తీవ్రమైన డ్రౌట్. ఇది ఆకాశం లెక్క. రైతు లెక్క వేరు. శనక్కాయ వేయడానికి పదును కావాలి. వేశాక పూత దిగి ఊడలు నేలలోకి పోయే సమయంలో తడి కావాలి. ఆ నాలుగు వారాలు వాన మొహం చాటేసి, తర్వాత సెప్టెంబరులో కుండపోతగా కురిస్తే మొత్తం లెక్కలో లోటు కనిపించదు, చెట్టుకు మాత్రం కాయ కనిపించదు. దీన్ని వ్యవసాయ డ్రౌట్ అంటారు. ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వానను నమ్మి శనక్కాయ వేసిన జిల్లా మనది. అందుకని మన పల్లెల్లో కరువు అన్నప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఈ రకమే. చెరువులు, కాలువలు, బోర్లు అడుగంటితే అది మూడో రకం, జల సంబంధమైన డ్రౌట్.

ఈ మూడో రకం అర్థం కావాలంటే కణేకల్‌ను మించిన పాఠం లేదు. తుంగభద్ర ఎగువ కాలువ, మనం హెచ్చెల్సీ అని పిలిచేది, బళ్ళారి వైపు నుంచి ఇటుగా వస్తుంది. కాలువ కింద కణేకల్, బొమ్మనహాళ్ పొలాల్లో వరి పండుతుంది. కాలువ అందని మిట్ట మీద శనక్కాయ, కంది, జొన్న. రెండింటి మీదా ఉన్నది ఒకే ఆకాశం, పడే వానా ఒక్కటే. ఆగస్టులో వాన తప్పితే మిట్ట చేను వాడుతుంది, కింది మడి పచ్చగానే ఉంటుంది. దీనికి తిరుగుడు కూడా ఉంది. తుంగ, భద్ర రెండూ పుట్టేది పడమటి కనుమల్లో. అక్కడ వానలు తప్పి డ్యాం నిండకపోతే, కణేకల్‌లో బాగా కురిసిన ఏడాది కూడా కాలువ కింది రైతుకు నీటి కరువే. ఇక 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. వానలు మంచిగా పడి డ్యాం నిండిన ఏడాదిలోనే ఆ నీళ్లు కిందికి పోతుంటే ఆయకట్టు రైతులు గుండెలు పట్టుకుని చూశారు. కొన్నాళ్లకు అక్కడ అడ్డుపలకలు దించి ఆపారు గాని, ఆ రోజుల భయానికి డ్రౌట్ అన్న మాట సరిపోదు. నీటి కష్టానికి ఆకాశం ఒక్కటే కారణం కాదని చెప్పడానికే దీన్ని ఇక్కడ గుర్తు చేస్తున్నాము.

ఫ్యామిన్ సంగతికి వద్దాం. ఈ మాటను ఇప్పుడు ప్రపంచ సంస్థలు ఊరికే వాడవు. ఒక ప్రాంతంలో నూటికి 20 కుటుంబాలకు తిండి దాదాపు పూర్తిగా కరువవ్వాలి. నూటికి 30 మంది పిల్లలు తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి. ప్రతి పదివేల మందిలో రోజుకు ఇద్దరు ఆకలితోనో, ఆకలి తెచ్చిన జబ్బుతోనో చనిపోతుండాలి. ఈ మూడూ కలిస్తేనే ఫ్యామిన్ అని ప్రకటిస్తారు. 2011లో తూర్పు ఆఫ్రికా అంతటా వానలు తప్పాయి. కెన్యాలో, ఇథియోపియాలో, సోమాలియాలో డ్రౌట్ ఉంది. ఫ్యామిన్ ప్రకటించింది సోమాలియాలోని కొన్ని ప్రాంతాల్లో మాత్రమే. అక్కడ యుద్ధం ఉంది, సహాయం తెచ్చేవారిని రానివ్వని సాయుధులు ఉన్నారు. మేఘం మూడు దేశాలకూ మొహం చాటేసింది, ఆకలిచావులు ఆ స్థాయికి చేరింది ఒక్కచోటే.

డ్రౌట్ లేకుండా ఫ్యామిన్ రావచ్చు. 1845 తర్వాత ఐర్లండులో జరిగింది అదే. అక్కడ వానలకు కొదవ లేదు, తడికి పెరిగే తెగులు బంగాళదుంపను కుళ్లబెట్టింది. ఇతర ధాన్యం దేశం నుంచి ఓడల్లో ఎగుమతి అవుతూనే ఉంది. పది లక్షల మంది దాకా పోయారు. 1943లో బెంగాలులోనూ వాన తప్పడం అసలు కారణం కాదు. యుద్ధం, ధరలు, నిల్వలు, పాలకుల నిర్ణయాలు కలిసి లక్షలాది ప్రాణాలు తీశాయి. ఆ ఏడాది బెంగాలు ప్రభుత్వం నియమావళి ప్రకారం ఫ్యామిన్ అని ప్రకటించనే లేదు. ప్రకటిస్తే చేయవలసిన పనులు మెడకు చుట్టుకుంటాయి. ఒక మాట పలకకపోవడం కూడా ఎంత పని చేస్తుందో చూడండి. ఆ బెంగాలును చిన్నతనంలో కళ్లారా చూసిన అమర్త్య సేన్ 1981లో రాసిన పుస్తకంలో వివరించింది ఇదే. తిండి లేక జనం చావరు, ఉన్న తిండిని అందుకునే శక్తి లేక చస్తారు. ఆ శక్తి కూలి కావచ్చు, డబ్బు కావచ్చు, హక్కు కావచ్చు.

ఇప్పుడు మన నేలకు రావాలి. కణేకల్ ఇప్పుడు అనంతపురం జిల్లాలో ఉంది గాని, రాయదుర్గం తాలూకాతో పాటు 1953 దాకా బళ్ళారి జిల్లాది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు కలిసింది. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, బళ్ళారి నుంచి విడగొట్టగా. కాబట్టి 1876 నుంచి 1878 వరకు సాగిన మహా కరువులో మన ముత్తాతల కథ బళ్ళారి జిల్లా కథలోనే ఉంది. అది మొదలైన తెలుగు సంవత్సరం ధాత, అందుకని ధాత కరువు అన్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన దాన్ని నందన కరువు అన్నట్టే. మనవాళ్లు కరువుకు సంవత్సరం పేరు పెట్టి గుర్తుంచుకున్నారు, మనిషి పేరు పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది.

ఎందుకంటే 1876లో వానలు తప్పిన మాట నిజం, అది డ్రౌట్. అక్కడి నుంచి ఫ్యామిన్ దాకా నడిపించింది మనుషులు. అప్పటికే మద్రాసు నుంచి గుత్తి, గుంతకల్లు మీదుగా రైలు నడుస్తోంది. ధాన్యం సముద్రం మీద మద్రాసుకు వచ్చి, అక్కడి నుంచి రైలెక్కి లోపలి జిల్లాలకు వచ్చింది. వచ్చిన ధాన్యం ధరకు కూలివాడి చెయ్యి అందలేదు. చేనులో పని లేదు, మగ్గం మీద పని లేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిపించాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి దక్షిణాదికి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో కూలి కోత పెట్టాడు. రోజంతా రాళ్లు కొట్టిన మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకు తక్కువ, పైన కాస్త చిల్లర. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఈ కొలత మనిషిని బతికించదని వాదించాడు. కొన్ని నెలలకు కొలత పెంచారు. ఆ లోపల పోయినవారు పోయారు. దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి మాత్రం ఆగలేదు. దక్షిణ భారతంలో చనిపోయినవారి సంఖ్య యాభై లక్షలకు తగ్గదని చాలామంది చరిత్రకారుల అంచనా.

దీన్నంతా 'డ్రౌట్' అని రాస్తే ఏమవుతుంది? మొత్తం నేరం మేఘం మీద పడుతుంది. టెంపుల్ కొలత తప్పించుకుంటుంది, ఎగుమతి ఓడ తప్పించుకుంటుంది. అందుకే అది ఫ్యామిన్, ఇంకో మాట వాడకూడదు.

ఆ కరువు తర్వాత సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కమిషన్ వేశారు. 1880లో వారు ఇచ్చిన నివేదికలో ముఖ్యమైన గ్రహింపు ఒకటుంది. భారతదేశంలో వచ్చేవి తిండి కరువులకన్నా పని కరువులు అని. వాన తప్పగానే ముందు పోయేది కూలి, ఆ వెనక పోయేది కూడు. దాని ఫలితంగా ఫ్యామిన్ కోడ్‌లు వచ్చాయి. ఏ సూచనలు కనిపిస్తే ఎక్కడ పనులు తెరవాలో, ఎవరికి ఉచితంగా తిండి పెట్టాలో వాటిలో రాశారు. ఆ కోడ్‌లతో పాటు ఇంకో మాట ఆఫీసుల్లోకి వచ్చింది, స్కేర్సిటీ. అంటే కొరత. ఫ్యామిన్‌కు ఒక మెట్టు కింద. అధికారులకు ఈ మాట ఎంతో ఇష్టం. ముందుగానే పనులు తెరవడానికి అది పనికొచ్చింది, నిజమే. ఆకలిని చిన్నది చేసి చూపించడానికీ పనికొచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఫ్యామిన్ అన్న మాట మెల్లగా ప్రభుత్వ కాగితాల నుంచి తప్పుకుంది. 1952 ప్రాంతంలో రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచిన రోజులను పెద్దలు గంజి కరువు అంటారు. ఇప్పుడు ఉన్నది డ్రౌట్ మాన్యువల్. తెలుగులో అదే 'కరువు మండలాల ప్రకటన'. పత్రికలో "కణేకల్ కరువు మండలం" అని పడితే అది డ్రౌట్ అన్న అర్థంలోనే, ఆకలిచావులని కాదు. పంటలో 33 శాతం, అంతకుమించి పోయిన రైతుకు పెట్టుబడి రాయితీ, అప్పుల వాయిదా వంటివి అందుకు వెంట వస్తాయి.

పని కరువు అన్న ఆ 1880 నాటి గ్రహింపుకు మన జిల్లాలోనే ఇంకో ముడి పడింది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశమంతటికీ మొదలు అక్కడే. ఏడాదికి వంద రోజుల పని అడిగే హక్కు చట్టంలోకి వచ్చింది. వాన తెప్పించే శక్తి ఏ చట్టానికీ లేదు. డ్రౌట్ వచ్చినా అది ఫ్యామిన్ దాకా పోకుండా మధ్యలో అడ్డం వేయడమే దాని పని. చౌక దుకాణంలో బియ్యం, బడిలో మధ్యాహ్న భోజనం కూడా అదే పని చేస్తాయి. వీటిలో ఎన్ని లోపాలున్నా, వానలు వరుసగా తప్పిన ఏళ్లలో మన పల్లెలు 1877 లాగా శ్మశానాలు కాకపోవడానికి ఇవి ఒక కారణం. అయినా బెంగళూరుకు, కేరళకు పోయే వలసలు ఆగలేదు, వడ్డీ అప్పులూ ఆగలేదు. ఫ్యామిన్ కాదు అన్నంత మాత్రాన బాధ లేదని కాదు. దానికి ఇంగ్లీషులో డిస్ట్రెస్ అన్న మాట ఉంది, అవసరమైన చోట అదే రాయవచ్చు.

మన సంఘాల చరిత్రలోనూ ధాత కరువుకు చోటుంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువు పీడితులకు పని చూపించాడు. ఆయన గంజితో ఆగక కూలి పెట్టాడు. ఇంకో సంగతి గమనించాలి. కరువు సహాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య మన ప్రసంగాల్లో తరచు వినబడుతుంది, అంతకు ముందు నెలల తరబడి ఆపిన సంగతి తక్కువ వినబడుతుంది.

ఇక పరిశుద్ధ గ్రంథం. మన పాత తెలుగు బైబిలులో ఎక్కువ చోట్ల కనిపించే మాట 'కరవు', కొన్ని చోట్ల 'క్షామము'. హెబ్రీ మూలంలో మాత్రం రెండు వేర్వేరు మాటలున్నాయి. రాఆబ్ అంటే ఆకలి, అది ఫ్యామిన్. బత్సోరెత్ అంటే వాన ఆగిపోవడం, అది డ్రౌట్. రెండో మాట చాలా అరుదు. యిర్మీయా 14వ అధ్యాయం ఆ మాట బహువచనంతో మొదలవుతుంది. ఆ చిత్రం చూడండి. ప్రధానులు తమ పిల్లల్ని నీళ్లకు పంపిస్తే వారు గోతుల దగ్గరికి పోయి ఖాళీ కుండలతో తిరిగి వస్తారు. నేల బీటలు వారుతుంది. గడ్డి లేక లేడి తన పిల్లను విడిచిపోతుంది. రొట్టె మాట అక్కడ లేదు, ఉన్నదంతా నీళ్లు, నేల, పశువులే. ఆకలి అన్న మాట అదే అధ్యాయంలో తర్వాత, ఖడ్గం, తెగులు పక్కన వస్తుంది. 17వ అధ్యాయంలో నీటి ఒడ్డున నాటిన చెట్టు గురించి చెప్పేచోట కూడా అదే అరుదైన మాట. అక్కడ మన అనువాదకులు కరవు అనకుండా వర్షం లేని ఏడాది అన్న అర్థం వచ్చేలా రాశారు. ఎంతో జాగ్రత్తగా చేసిన పని అది.

ఏలీయా కథ చదివేటప్పుడు మనం రెండింటినీ కలిపేస్తాం. మొదటి రాజుల గ్రంథం 17లో ఆయన అహాబుతో చెప్పింది మంచు, వర్షం ఉండవని మాత్రమే. కొంతకాలానికి కెరీతు వాగు ఎండుతుంది. సారెపతు విధవరాలి తొట్టిలో పిడికెడు పిండి మిగులుతుంది. 18వ అధ్యాయానికి వస్తే షోమ్రోనులో ఆకలి తీవ్రమైందని మూలం చెబుతుంది. వాన, వాగు, తొట్టి, ఊరు, ఈ వరుసలో డ్రౌట్ మెట్టు మెట్టు దిగి ఫ్యామిన్ అయింది. ఆ సమయంలో రాజు చేసిన పనేమిటో కూడా అక్కడే ఉంది. గుర్రాలకూ కంచర గాడిదలకూ గడ్డి దొరుకుతుందేమోనని ఊటల వెంట వెదకడానికి బయలుదేరాడు. జనానికి పిండి వెదికినట్టు రాయలేదు.

యోసేపు కథలో తేడా ఇంకా స్పష్టం. ఏడేళ్ల ఆకలి అన్ని దేశాల మీదికి వచ్చింది, ఐగుప్తులో మాత్రం ఆహారం ఉంది. పండిన ఏళ్లలో ఐదో భాగం తీసి పెట్టినందువల్ల. కథ అక్కడ ఆపేస్తే బాగుంటుంది, మన ఆదివారపు బడుల్లో అక్కడే ఆపుతాం. ఆదికాండము 47 కూడా చదవాలి. కొట్లలో ధాన్యం ఉంది, అయినా జనం ముందు డబ్బు ఇచ్చారు, అది అయిపోతే పశువులను ఇచ్చారు, అవీ అయిపోతే పొలాలను ఇచ్చి తామే ఫరోకు దాసులయ్యారు. మన పల్లెలో ఒంటి మీది బంగారం, తర్వాత ఎద్దులు, చివరికి నేల పోయే వరుస ఇదే. కొట్లు నిండి ఉండగానే మనిషి అమ్ముడుపోగలడు.

ఆమోసు 4లో ఒక ఊరి మీద వాన కురిసి పక్క ఊరి మీద కురవని సంగతి ఉంది. కణేకల్ రైతుకు దానికి వ్యాఖ్యానం అక్కరలేదు, ఒకే రోడ్డుకు అటు తడి ఇటు దుమ్ము చూసినవాడు. అది డ్రౌట్ మాట. 8వ అధ్యాయంలో దేవుని మాట వినడం గురించి చెప్పింది ఆకలి మాట. దాన్ని ఇంగ్లీషులో డ్రౌట్ అని చెప్పే అనువాదకులను విన్నాము, అది పొరపాటు. అపొస్తలుల కార్యములు 11లో అగబు ముందుగా తెలిపింది గ్రీకులో లిమోస్, ఆకలి. అంతియొకయ వారు ఎవరి శక్తి కొద్దీ వారు సొమ్ము పోగుచేసి బర్నబా, సౌలుల చేత యూదయకు పంపారు. పాత కింగ్ జేమ్స్ ఇంగ్లీషు ఇక్కడ డెర్త్ అన్న మాట వాడింది, యిర్మీయా 14 మొదట్లోనూ అదే వాడింది. డెర్త్ అన్నది డియర్ నుంచి, అంటే 'ప్రియం' నుంచి వచ్చింది. మన ఊళ్లలో ధర మండినప్పుడు సరుకు ప్రియమైంది అంటాం చూడండి, అదే. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషువారికి కరువు అంటే బజారులో ధర. ఇప్పటి అనువాదాలు ఆ ఒక్క మాటను విడదీసి యిర్మీయాలో డ్రౌట్ అని, అపొస్తలుల కార్యాల్లో ఫ్యామిన్ అని రాస్తున్నాయి. విడదీసింది సరిగ్గానే ఉంది.

వాడుకలో మేము పాటించేది చెబుతాము. వాన, చెరువు, బోరు, పంట గురించి అయితే డ్రౌట్. ఆకలితో మనుషులు చనిపోతున్నప్పుడు, లేదా ఆ అంచుకు చేరినప్పుడు మాత్రమే ఫ్యామిన్. తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదటిదానికి వానలేమి, అనావృష్టి. రెండోదానికి క్షామం, లేదంటే ఆకలి కరువు. ఇప్పటి కణేకల్ గురించి ఫ్యామిన్ అని రాస్తే చదివినవారు ఒకసారి కంగారుపడి డబ్బు పంపవచ్చు. తర్వాత వచ్చి చూసి కాలువ కింద వరి కనిపిస్తే మరోసారి ఏ సంఘం ఉత్తరాన్నీ నమ్మరు. అప్పుడు నిజంగా నష్టపోయేది మిట్ట మీద శనక్కాయ ఎండిన కుటుంబమే.

ఈ పేజీకి వాన కోసం ప్రార్థన విన్నపాలు పంపే సంఘాలు ఇకమీదట 'కరువు' అన్న ఒక్క మాటతో ఆపవద్దని మనవి. చివరి పదునైన వాన ఏ వారంలో పడింది, చేను ఏ దశలో ఉంది, కాలువ నీళ్లు అందుతున్నాయా, తాగునీరు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, పని దొరుకుతోందా, సంఘంలో ఎన్ని ఇళ్లకు తాళాలు పడి జనం వలస పోయారు, ఏ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగడం లేదు అన్నది రాయండి. ఇళ్ల పేర్లు మాత్రం రాయవద్దు, లెక్క చాలు.